మిరపగింజ ఉండకూడదన్న లెక్క

స్త్రీల కూడికలో పాస్టరమ్మగారు మూడో చీటీ విప్పగానే ముందుకు వంగి చూశాను. అది రెండో తరగతి చదువుతున్న మా పెద్దమ్మాయి నోటుబుక్కు కాగితం. వెనకనుంచి కూడా దాని గుండ్రటి అక్షరాలు పోల్చుకున్నాను.

మా దగ్గర ప్రార్థన మనవులు పేరు లేకుండా చీటీల మీద రాసి పళ్లెంలో వేస్తారు. అమ్మగారు చదువుతారు, అందరూ ఆమెన్ అంటారు. మా అత్తగారికి రాయడం రాదు. మనవరాలి చేత రాయించారు.

“మా కోడలికి ఆ లెక్కల పిచ్చి వదిలించు ప్రభువా. దాని మనసు పిల్లల మీదకు మళ్లించు. రేపటి గుంటూరు ప్రయాణం ఆపు.”

పీహెచ్‌డీ చేస్తున్న కోడలు మా పేటలో ఇంకెవరూ లేరు. మర్నాడు గుంటూరులో కమిటీ ముందు నా పని వివరించాలి. రెండుసార్లు వాయిదా అడిగాను. ఈసారీ వెళ్లకపోతే నా రిజిస్ట్రేషన్ రద్దవుతుంది.

అత్తగారి భయం ఊరికే పుట్టింది కాదు. అంతకుముందు వారం కళ్లంలో మిరపకాయలు ఆరబోసి, కాగితం ఒళ్లో పెట్టుకుని ఒక సమీకరణం తేల్చుకుంటూ కూర్చున్నాను. మూడేళ్ల చిన్నవాడు కాయలు చిదిమి, ఆ చేతులతోనే కళ్లు నులుముకున్నాడు. కళ్లకు ఏమీ కాలేదన్నాడు డాక్టరు. నాకే నమ్మకం కుదరలేదు. ఇది రాస్తూ కూడా మధ్యలో లేచి, నిద్రపోతున్నవాడి రెప్పలు చూసి వచ్చాను. తప్పు నాదే. ఆ తప్పుకు శిక్ష లెక్కలకెందుకు?

అందరూ ఆమెన్ అన్నారు. నేను అనలేదు. పక్కనావిడ మోచేత్తో పొడిచింది. “అనమ్మాయ్, ప్రార్థనేగా!”

అమ్మగారు నాలుగో చీటీ అందుకునేలోపే లేచాను.

“ఆ కోడల్ని నేనే. నేనేం చేస్తున్నానో తెలుసుకుని, ఆ తర్వాత ప్రార్థించండి.”

“చెప్పు తల్లీ, వింటాం,” అందొకావిడ. “కూలేమన్నా పెరిగిద్దా ఏంది?”

నవ్వులు ఆగాక చెప్పాను. ఎంతో వేగంగా పోయే కొలబద్ద, నిలబడి చూసేవాళ్లకు పొట్టిగా కనబడుతుంది. సాపేక్ష సిద్ధాంతం చెప్పేది అదే. కానీ ఇంతకన్నా చిన్నది లేదనే పొడవు ఒకటి లోకంలో ఉంటే, అది కూడా పొట్టిదవుతుందా? కాకూడదు. అందుకని కొందరు సిద్ధాంతాన్నే సవరించారు. ఒక్క కణానికైతే సవరణ బాగానే ఉంది. కణాలను కలుపుకుంటూ పోతే మాత్రం మొత్తం బరువు ఒక హద్దు దాటకూడదంటుంది. ఆ హద్దు మిరపగింజ బరువుకన్నా చాలా తక్కువ.

“అంటే ఆ లెక్క ప్రకారం మిరపగింజ అనేదే ఉండకూడదు.”

“ఓసి నీ లెక్క పాడుగాను! మరి పొద్దుట్నించీ మేం తొడిమలు తీసిందేంది?” అంది కూలి సంగతడిగినావిడ.

“అదేనమ్మా నేనడిగేదీ! గింజ ఉంది. తప్పు లెక్కలోనే ఉంది. కలిపే పద్ధతిలో అది ఎక్కడుందో వెతుకుతున్నాను. అది పిచ్చయితే నాకు పిచ్చే. వదిలించమని ఎవరూ అడగొద్దు.”

పాస్టరమ్మగారు నాలుగో చీటీ విప్పారు.

ఇంటికొచ్చాక అత్తగారు చెప్పులైనా విప్పలేదు. “నలుగుర్లో నా పరువు తీశావే!”

“చీటీ వేసింది మీరేగా అత్తయ్యా.”

“పిల్లోడి కళ్లు పోతే ఏం చేసేదానివి?”

“రేపొక్కరోజు వాణ్ణి మీరు చూడండి,” అన్నాను.

“నేను చూడను. ఎట్టా పోతావో పో.”

“అయితే వెంటబెట్టుకుని పోతా.”

మా ఆయనకు మార్టూరు గ్రానైట్ పాలిష్ యూనిట్లో నైట్ డ్యూటీ, ఇంటికొచ్చేసరికి పొద్దెక్కుతుంది. ఫోన్ చేసి చెబితే, “అమ్మను నేను సముదాయిస్తాలే, నువ్వు బస్సెక్కు,” అన్నాడు.

తెల్లారి జడ వేస్తుంటే పెద్దది తలెత్తలేదు. ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాను.

“నాన్నమ్మ చెప్పింది రాశావు, నీ తప్పు లేదు. ఇకమీదట ఎవరి గురించైనా రాసేముందు వాళ్లనొక మాట అడుగు. ఇవాళ బడి లేదు, ఇద్దరూ నాతో వస్తున్నారు. అక్కడ పెద్ద పెద్దవాళ్లు నన్ను ప్రశ్నలడుగుతారు. కొన్నింటికి నాకు జవాబు రాదు. అమ్మ ఓడిపోయిందనుకోకండి. తమ్ముడేడిస్తే తలుపు తోసుకుని లోపలికి తీసుకురా, భయపడకు. వాణ్ణి చంకనెత్తుకునే చెబుతాను. మధ్యలో మాత్రం ఆపను.”