కూర్చోగానే మీరెవరో చెప్పండి

మా వీధిలో పోస్ట్‌మ్యాన్ అంత మొహమాటస్తుడు మరొకడు లేడు. ఓ రోజు కత్తెర బాబాయ్ ఆయనకు శుభ్రంగా క్రాపు చేసి, గుడ్డ దులిపి, దువ్వెన కడగడానికి అటు తిరిగాడు. ఇటు తిరిగేసరికి ఆయన ఇంకా కుర్చీలోనే కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. "రండి రండి, బాగా పెరిగిందే!" అంటూ బాబాయ్ మళ్లీ గుడ్డ కప్పాడు. కాదనడానికి ఆయనకు నోరు రాలేదు. మూడోసారి కప్పేటప్పటికి ఆ తల మీద కత్తిరించడానికేమీ మిగల్లేదు. మొహమాటానికి పోతే గుండయిందని వీధి వీధంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

నాది బాబాయ్ క్షవరం కొట్టు పక్కనే గడియారాలు బాగుచేసే కొట్టు. వీధికంతా బాబాయే గానీ, ముప్పై ఏళ్లుగా వాడూ నేనూ ఒరే అంటే ఒరే. వాడికి మతిమరుపు ముదిరేకొద్దీ నాకదో ఆటయిపోయింది. పొద్దున్నే వెళ్లి, "నేనెవర్నో చెప్పుకో చూద్దాం!" అనేవాణ్ణి. వాడు నీళ్లు నమిలేవాడు. ముసలి చాదస్తమని నేను ఇకిలించేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఇప్పుడా క్షవరం కొట్టు నడిపేది వాడి కూతురే. వాణ్ణి డాక్టరుకు చూపించి తిన్నగా నా మీదికొచ్చింది.

"మావయ్యా, ఇది చాదస్తం కాదట. డిమెన్షియా అట, మెదడుకొచ్చిన జబ్బు. కాలు విరిగినవాణ్ణి పరుగెత్తమంటావా? మరి నాన్నకెందుకు రోజూ పరీక్ష పెడతావు? నువ్వెవరో నువ్వే చెప్పి ఏడవొచ్చుగా!"

ఆ సాయంత్రమే అద్దం మీద పెద్దక్షరాలతో రాసి అంటించింది: 'కూర్చోగానే మీరెవరో చెప్పండి. పరీక్షలు పెట్టొద్దు.'

ఇక మర్నాటి నుంచి చూడాలి! ఒకటో తరగతిలో హాజరు వేస్తున్నట్టే.

"నేను కరెంటు పనివాణ్ణి బాబాయ్!"

"నేను మూడో ఇంటి టీచరమ్మని!"

"నేను పోస్ట్‌మ్యాన్‌ని, నా క్రాపు అయిపోయింది మహాప్రభో, లేస్తున్నా!"

దారిన పోయేవాళ్లు కూడా తల దూర్చి, తామెవరో అరిచి మరీ పోయేవారు. కత్తిరించే పని కూతురు తీసుకుంది. దువ్వడం, పౌడరు అద్దడం బాబాయ్ పని. ఒక్కో తలా నాలుగేసి సార్లు దువ్వించుకుని, పిండిమరలోంచి వచ్చినట్టు బయటికొచ్చేది. వాడి మొహం వెలిగిపోయేది.

చెప్పనిదల్లా ఆ పిల్లే. "నాన్నకు నేనెవరో చెప్పుకునే గతి నాకొద్దు మావయ్యా. తనే గుర్తుపట్టాలి," అని మొండికేసింది. వీధి మొత్తానికి పరీక్ష రద్దు చేసి, తనొక్కతే దొంగచాటుగా పెట్టేదన్నమాట. రోజూ వాడి తల దువ్వుతూ, అద్దంలో వాడి కళ్లలోకి ఆశగా చూసేది. ఆ చూపు నేను చూడలేకపోయేవాణ్ణి.

ఒక సాయంత్రం ఆమె కొట్టు ఊడుస్తోంది. నేనూ అక్కడే ఉన్నాను. బాబాయ్ వీధిలోకి చూసి అన్నాడు.

"చీకటి పడుతోంది, ఇంక ఇంటికెళ్లమ్మా. మీ నాన్న ఎదురుచూస్తుంటాడు."

చీపురు ఆగిపోయింది. ఆమె వచ్చి వాడి ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"మా నాన్నవి నువ్వే నాన్నా. నేను నీ కూతుర్ని."

వాడు ఆమెను పైనుంచి కిందిదాకా చూశాడు.

"నిజంగానా? ఇంత మంచి పిల్ల నా కూతురా!"

ఆమె భుజాలు పట్టుకుని ఊపేస్తూ పకపకా నవ్వాడు. ఆ పిల్ల ఏడుస్తూనే నవ్వింది. అంతలో వాడు నా మీద విరుచుకుపడ్డాడు.

"ఏరా, ఇంత మంచి కబురు ఇన్నాళ్లూ నాకు చెప్పలేదేం?"

"మర్చిపోయాన్రా," అన్నాను.