మా బావ చూసే రోబో సీరియల్

ఏన్కూరులో మేం కిరాయికి తీసుకున్న ఇంట్లో టీవీ సరిగ్గా వీధి తలుపుకి ఎదురుగా ఉంటుంది. తలుపు తీసి ఉంటే మా టీవీలో ఏం వస్తుందో రోడ్డు మీద పోయేవాళ్లకు కూడా కనిపిస్తుంది. ఇంట్లో దిగినప్పుడు ఇది నేను పట్టించుకోలేదు. బావ ఆ రోబోల బొమ్మల సీరియల్ చూడటం మొదలుపెట్టాక మాత్రం, సాయంత్రం కాగానే వెళ్లి తలుపు దగ్గరికి వేయడం నాకు అలవాటైపోయింది.

బావ అంటే నా భర్త. మేనత్త కొడుకు కాబట్టి చిన్నప్పటినుంచీ బావా అని పిలిచేదాన్ని, పెళ్లయ్యాక కూడా ఆ పిలుపు మారలేదు. సెంటర్‌లో మోటార్ వైండింగ్ షాపు నడుపుతాడు. పొలాల్లో కాలిపోయిన బోరు మోటార్లు విప్పి, మళ్లీ రాగి తీగ చుట్టి బాగుచేసి ఇస్తాడు. నేను హైస్కూల్లో తెలుగు చెప్తాను. మాకు పిల్లలు లేరు.

ఆ సీరియల్ జపాన్ వాళ్లది. మా ఇద్దరి కంటే వయసులో పెద్దది. చేత్తో గీసిన బొమ్మలు, వెలిసిపోయిన రంగులు. కొండలు తవ్వి కాలువ తీయడానికి చేసిన ఒక పెద్ద ఇనుప యంత్రానికి యుద్ధం వచ్చాక ఫిరంగి బిగిస్తారు. మనిషి ఆకారంలో ఉండే ఆ యంత్రం లోపల కూర్చుని నడిపేది పందొమ్మిదేళ్లు కూడా నిండని ఒక పిల్లవాడు. ప్రతి భాగంలోనూ ఆ యంత్రం లేచి నిలబడుతుంది. ప్రతిసారీ అదే బొమ్మ, అదే చప్పుడు. ఆ చప్పుడు మా వీధి చివరిదాకా వినపడుతుందేమోనని నాకు భయం.

ఒకరోజు మా స్కూల్లో లెక్కలు చెప్పే మేడం, తన కూతురి ఓణీల ఫంక్షన్‌కి పిలవడానికి వచ్చింది. తలుపు వేయడం మర్చిపోయాను. ఆమె లోపలికి అడుగుపెట్టేసరికి టీవీలో యంత్రం లేచి నిలబడుతోంది.

ఆమె నవ్వుతూ, "మీకు పిల్లలు లేరు గదా మేడం, ఈ బొమ్మలు ఎవరు చూస్తున్నరు?" అని అడిగింది.

మనసులో ఏమీ పెట్టుకుని అడగలేదు. కానీ ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. "పక్కింటి పిల్లగాడు వస్తడు మేడం. ఇప్పుడే పోయిండు," అన్నాను.

బావ అప్పుడే పెరట్లో కాళ్లు కడుక్కుని తువ్వాలుతో తుడుచుకుంటూ వస్తున్నాడు. విన్నాడు. ఆమెకు నమస్తే చెప్పి, రిమోట్ తీసుకుని తనే టీవీ ఆపేసి, "నీళ్లు ఇచ్చినవా మేడానికి?" అని నన్ను అడిగాడు.

మర్నాటినుంచి ఇంట్లో ఆ సీరియల్ పెట్టలేదు. షాపులో చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఫోన్‌లో చూస్తున్నాడని, కూరగాయలకు వెళ్లినప్పుడు నా కళ్లతో చూశాను. కొన్నాళ్లు ఇల్లు ప్రశాంతంగా ఉందనిపించింది. తర్వాత ఆ ప్రశాంతతే నాకు సిగ్గుగా తోచింది. భోజనం దగ్గర మా ఇద్దరి మధ్య మాట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదు.

అసలు ఆయన దాన్ని చూడటం మొదలుపెట్టింది ఖమ్మంలో, దవాఖానా వరండాలో. పిల్లల కోసం మేం చాలా కాలం మందులు వాడాం. నేను లోపల పరీక్షలకు వెళ్తే బావ బయట కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకునేవాడు. చివరిసారి కడుపు నిలిచింది. నాలుగో నెల దాటాక పోయింది. ఇంటికి పంపించిన రోజు బస్సులో నా పక్కన కూర్చుని దారి పొడుగునా అదే చూశాడు. తల్లాడ దాటేదాకా నేను కిటికీ వైపు తిరిగే ఉన్నాను. ఇలాంటప్పుడు కూడా బొమ్మలు చూసే మనిషితో ఎట్లా బతకాలి అనుకున్నాను. ఆ కోపం లోపల్లోపలే ఉండిపోయింది. లోకం ముందు నేను పడే నామోషీకి అసలు వేరు ఆ కోపమేనేమో.

ఒక ఆదివారం బావ చండ్రుగొండ వైపు ఒక రైతు మోటారు బిగించడానికి వెళ్లాడు. సాయంత్రందాకా రాడు. నేను తలుపు గడియ పెట్టి, దొంగతనం చేస్తున్నట్టు టీవీ పెట్టాను. అందులో అంత ఏముందో చూసి, తర్వాత గట్టిగా అడగాలన్నది నా ఉద్దేశం.

మొదటి భాగం చూసి నవ్వుకున్నాను. రెండోది చూస్తుంటే పొయ్యి మీద పప్పు అడుగంటింది.

అందులో గెలుపు చాలా తక్కువసేపు ఉంటుంది. దెబ్బలాట అయిపోయాక కథ అసలు మొదలవుతుంది. యంత్రం తిరిగొస్తుంది, దాన్ని విప్పుతారు, కడుగుతారు. ఎక్కడో నూనె కారుతోందని రోజంతా వెతుకుతారు. ఒక భాగం మొత్తం అంతే, వరద వచ్చి అవతలి ఒడ్డుకు పోలేక అందరూ యంత్రం కింద కూర్చుని ఎదురుచూస్తారు. ఇంకోదాంట్లో, మొదటిసారి మనిషిని చంపి వచ్చిన ఆ పిల్లవాడు అన్నానికి కూర్చుంటాడు. మీటలు పట్టీ పట్టీ చేతులు వణుకుతుంటాయి. గిన్నెలో చారు తొణికి బల్ల మీద పడుతుంది. వంట చేసే ముసలమ్మ చూస్తుంది. తిట్టదు, ఓదార్చదు. లోపలికి వెళ్లి వెడల్పు గిన్నె ఒకటి తెచ్చి అందులోకి పోసి వెళ్లిపోతుంది. అంతే. నేను ఎన్నో నవలలు చదివాను, పిల్లలకు పాఠాలు చెప్పాను. దుఃఖంలో ఉన్న మనిషి పక్కన ఎట్లా ఉండాలో ఇంత తక్కువలో చెప్పింది నాకు గుర్తు లేదు.

దాని గురించి నెట్‌లో జనం ఏం రాశారో కూడా ఆ రోజే చదివాను. పిల్లలకు ఆట బొమ్మలు అమ్ముకోవడానికి తీశారన్నారు. హీరో ఊరికే ఏడుస్తాడన్నారు. రోబోల సీరియల్‌లో రోబో కంటే వంటే ఎక్కువన్నారు. వరద భాగాన్ని దండగ అన్నారు. కొన్ని నిజమే. ఒకే బొమ్మను తిప్పి తిప్పి వాడారు. ఒక లావుపాటి వాణ్ణి కేవలం జారిపడి నవ్వించడానికే పెట్టారు, వాడు నాకూ నచ్చలేదు. కానీ దండగ అన్న ఆ భాగమే నాకు అన్నిటికంటే దగ్గరగా అనిపించింది. చేయగలిగింది ఏమీ లేనప్పుడు మనుషులు ఒకచోట కూర్చుని ఉండటం ఎంత కష్టమో దవాఖానా వరండాలో కూర్చున్నవాళ్లకు తెలుస్తుంది. బావకు తెలిసింది. అప్పుడు నాకు తెలియలేదు.

ఈ సంగతి బావకు చెప్పడానికి నోరు రాలేదు. ఆ వారమే భద్రాచలంలో మా అన్న ఇంటికి, మేనకోడలి పుట్టినరోజుకు వెళ్లాం. అందరం భోజనాలకు కూర్చున్నాం. అన్న పప్పు వడ్డిస్తూ, "ఏంది బావా, మా పిల్లల కంటే నువ్వే ఎక్కువ కార్టూన్లు చూస్తున్నవంట గదా?" అన్నాడు.

అందరూ నవ్వారు. బావ కూడా కొంచెం నవ్వి విస్తరిలోకి చూసుకున్నాడు. అన్నకు ఆ సంగతి చెప్పింది వదిన. వదినకు చెప్పింది నేను. ఫోన్‌లో, నవ్వుకుంటూ.

అక్కడ ఊరుకుని ఉండాల్సింది. ఊరుకోలేదు. "నీకేం తెల్సన్నా దాని గురించి? చూసినవా ఎప్పుడన్నా?" అని మొదలుపెట్టాను. ముసలమ్మ గురించి చెప్పాను, వరద గురించి చెప్పాను. చెప్తున్నకొద్దీ అవి నా నోట్లో చప్పబడిపోతున్నాయి. అన్న పిల్లలు ఒకరినొకరు చూసుకుని నవ్వు ఆపుకుంటున్నారు. ఎట్లాగైనా నెగ్గాలనిపించి, "దవాఖానాల మాకేం జరిగిందో మీకు తెల్వదు. నాలుగో నెల దాటినంక కడుపు పోతే బావ ఒక్క చుక్క ఏడ్వలేదు. అది చూసుకుంటనే నిలబడ్డడు," అనేశాను.

నాలుగో నెల సంగతి అప్పటిదాకా మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. వదిన చేతిలో గరిటె అట్లాగే ఆగిపోయింది. బావ లేచి చేయి కడుక్కుని బయటికి వెళ్లిపోయాడు.

నేను వెళ్లేసరికి గోదావరి కరకట్ట మీద కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చున్నాను.

"వాళ్లు నవ్విన్రని నీ తరఫున మాట్లాడిన బావా," అన్నాను.

"నవ్వితే నవ్వనీ. నవ్వులు నాకు కొత్తనా?" అన్నాడు. కోపంగా కాదు. "గా సంగతి ఎందుకు తీసినవ్? అది నీదీ నాదీ గదా."

ఇన్నాళ్లూ ఆయన వల్ల తల దించుకున్నాననుకున్నాను. ఆయన తల దాచుకోవడానికి మిగిలిన ఒక్క చోటును నేనే పదిమంది ముందు పెట్టాను. కాసేపటికి ఆయనే, "నువ్వు చూసినవా దాన్ని? ఎప్పుడు చూసినవ్?" అని అడిగాడు.

"నువ్వు చండ్రుగొండ పోయిన రోజు."

"అవ్ మరి, చెప్పొద్దా?" అన్నాడు.

ఇంటికొచ్చిన తర్వాత ఇద్దరం కలిసి మొదటినుంచి పెట్టుకున్నాం. అప్పుడు తట్టింది నాకు. మాటలు జపానువి, కింద వచ్చే అక్షరాలు ఇంగ్లిష్‌వి. బావకు ఇంగ్లిష్ ఒక్కో అక్షరం కూడబలుక్కోవడమే తప్ప అంత వేగంగా చదవడం రాదు. ఇన్నాళ్లూ మాటలు తెలియకుండానే చూశాడు. ముఖాలు చూసి కథ తనే అల్లుకున్నాడు.

నేను అక్షరాలు చదివి తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. మొదట సంబరపడ్డాడు. చాలావరకు ఆయన అనుకున్నదే ఉంది. వంట ముసలమ్మ దగ్గరికి వచ్చేసరికి, "ఆమె పిల్లగాని తల్లే గదా. చెప్పుకోలేక ఊకుంటది," అన్నాడు.

తెర మీద ఆమె అప్పుడే ఏదో అంది. నేను చదివాను. "ఆ అబ్బాయిది ఏ ఊరో, ఎవరి కొడుకో నాకు తెలియదు అంటున్నది బావా."

ఆయన ఆపమన్నాడు. "తల్లి కాదా?" అన్నాడు.

"కాదు."

"మరి గట్ల చూసుకుంటదేంది?"

తల్లి కాని మనిషి కూడా చూసుకోగలదని చెప్పాల్సింది నేనే. కానీ ఆయన ముఖం చూశాక, ఆ ముక్క చదవకుండా వదిలేసి ఉంటే ఎవరికీ నష్టం ఉండేది కాదనిపించింది. టీచర్ని కదా, తప్పు కనపడితే దిద్దకుండా ఉండలేను. ఆ రాత్రి పడుకునే ముందు, "రేపట్నుంచి చదవనులే," అన్నాను.

"చదువు. కానీ జల్దీ జల్దీ చెప్పకు. ముందు నన్ను చూడనీ, తర్వాత చెప్పు," అన్నాడు.

అట్లాగే చూశాం. చూసేవాళ్లు లేక ఆ సీరియల్‌ను మధ్యలోనే ఆపేశారట. మొన్న ఆదివారం చూసిన ఆఖరి భాగంలో మిగిలిన కథంతా ఒక గొంతు గబగబా చెప్పేసి ముగిస్తుంది. పిల్లవాడు ఇల్లు చేరాడో లేదో కూడా సరిగ్గా చెప్పరు. బావకు చాలా కోపం వచ్చింది. మంచిగా పనిచేస్తున్న మోటారును విప్పి పారేసినట్టుందన్నాడు. ఇంత ఓపికగా మనుషులను చూపించినదాన్ని చిన్నపిల్లల ఆటవస్తువని తీసిపారేయడం అన్యాయమని నేనూ అన్నాను. ఆ మాట ఎక్కడైనా, ఎవరి ముందైనా అనగలననే అనుకున్నాను.

మర్నాడు సోమవారం స్టాఫ్‌రూమ్‌లో హెడ్‌మాస్టర్, "ఏం మేడం, ఆదివారం ఏం చేసిన్రు?" అని మామూలుగా అడిగారు. లెక్కల మేడం కూడా అక్కడే ఉంది.

"ఇల్లు సర్దుకున్న సార్," అన్నాను.