పద్మ దాచిన రెండుసార్లు

ఎనభైల్లో, మామిడిపళ్ల రోజుల్లో ఒక ఉదయం, మా ఆరేళ్ల పద్మని బెజవాడ డాక్టరుకి చూపించడానికి హనుమాన్ జంక్షన్లో బస్సు కోసం కూర్చున్నాను. నెలకోసారి పిల్లకి వాంతులు పట్టుకుంటే ఒక్కోసారి రెండు రోజులు వదిలేవి కావు. అప్పటికి ముగ్గురు డాక్టర్లు చూసినా కారణం తెలియలేదు. నేనే తేదీలు, తిన్నవి అన్నీ ఒక పుస్తకంలో రాసి, ఎన్ని రోజులకోసారి వస్తున్నాయో లెక్క కట్టేవాణ్ణి.

పక్కన రసాల బుట్టతో కూర్చున్న పెద్దావిడ ఈ సంగతంతా అడిగి తెలుసుకుని అంది: "మీరు ఆ పుస్తకం తీసినప్పుడల్లా పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటోందండీ."

నేను గమనించనే లేదు.

"ఏమ్మా, అన్నీ నాన్నకి చెబుతున్నావా?" అని ఆవిడే అడిగింది.

పద్మ తల అడ్డంగా ఊపింది. "రెండుసార్లు తోటలో అయింది. ఆకులు కప్పేశా. రాసిన రోజు నాన్న అన్నం తినడు."

"బాగుంది! ఇంకేం లెక్కండీ మీది?" అని నవ్వి, ఆవిడ ఒక పండు నా చేతిలో పెట్టింది. "ముందు మీరు తినండి. పిల్ల చూడాలి."

మోచేతుల దాకా రసం కారుతుంటే తిన్నాను. టెంక చీకేదాకా పద్మ కళ్లార్పకుండా చూసింది.

"పుస్తకం తియ్యి నాన్నా," అంది. "ఆ రెండూ చెబుతా."