ఎనియస్ అభిప్రాయం

ఎనియస్ మస్‌గ్రోవ్ పార్టీవాళ్ల దగ్గర డబ్బు పుచ్చుకుని రేడియోలో మాట్లాడతాడని మా ఎగ్జూమా దీవిలో ఒక పుకారుంది. అది శుద్ధ అబద్ధం. నాకు గట్టిగా తెలుసు, ఎందుకంటే దాన్ని పుట్టించింది నేనే.

ఎనియస్‌కి ఉన్నది ఒకే జబ్బు, అభిప్రాయం. రేవులో శంఖం మాంసం సలాడ్ అమ్ముతాడు. పొద్దున తొమ్మిదయిందా, సగం కోసిన నిమ్మకాయ వదిలేసి రాజధాని రేడియోకి ఫోన్ చేస్తాడు. ఆ సమయంలో ఆకలేసినవాళ్లు ఉల్లిపాయలు తామే తరుక్కోవాలి.

రాకెట్ కంపెనీవాళ్ల రాకెట్టు మా సముద్రంలో ఓడ మీద దిగినప్పుడల్లా కిటికీలు గడగడలాడతాయి. ఎనియస్ ఏమన్నాడు? "ఓడెందుకు? చర్చి మైదానం ఇచ్చేద్దాం!" మర్నాడు, "ఎన్నికలు దండగ. ఫోన్‌లో ఏదడిగినా జవాబిచ్చే ఆ మాట్లాడే యంత్రాన్నే ప్రధానమంత్రిని చేద్దాం. భోజనం కూడా అడగదు." ఒక పార్టీ చొక్కా మీద ఇంకో పార్టీ టోపీ పెట్టుకుని తిరిగేవాడు.

"ఏమయ్యా, ఒక్క మాట మీద నిలబడవా?" అంటే, "నిలబడటానికి నేనేమన్నా లైట్‌హౌసునా అక్కా?" అనేవాడు.

నేను చదివింది అయిదో తరగతే. పొరుగిళ్ల సంగతులు మాత్రం ఇంకా చదువుతూనే ఉన్నాను. ఒకరోజు ఎనియస్ పార్టీవాళ్ల పడవలోంచి మూటతో దిగడం చూశాను. "ఏదో ముట్టినట్టుంది" అని కొట్టు దగ్గర ఒక్క ముక్క అన్నానంతే. సాయంత్రానికి మూట కాస్తా పెట్టె అయింది. ఆదివారం చర్చి వదిలేసరికి పెట్టె కాస్తా ఇంజను పడవైంది. పుకారు రాజధాని దాకా పాకి, రేడియోవాళ్లు ఎనియస్ ఫోన్ ఎత్తడం మానేశారు.

నాలుగో రోజు ఇస్మే కూతురు షెరెల్ నా గుమ్మంలో నిలబడింది. ఇస్మే తాటాకు టోపీలు అల్లే మనిషి. ఎనియస్‌తో నలభై ఏళ్లు ప్రతి విషయానికీ పోట్లాడింది. ఏడాది కిందట పక్షవాతం వచ్చి మాట పడిపోయింది.

"ప్రిస్సీ పెద్దమ్మా, అమ్మ మళ్లీ నోరు విప్పట్లేదు."

"మళ్లీనా? అసలెప్పుడు విప్పిందే?"

"రోజూ తొమ్మిదింటికి! మాట్లాడించకపోతే ఇక మాట రాదని నర్సు చెప్పింది. మేం బతిమాలితే పలకదు. ఎనియస్ మావయ్య రేడియోలో చర్చి మైదానం ఇచ్చేద్దామనగానే, 'తప్పు!' అని అరిచింది. అప్పట్నుంచి ఆయన రోజూ నన్నడుగుతాడు, ఇవాళ దేనికి తిట్టింది, రేపు ఏమంటే తిడుతుంది అని."

"ఎదురుగా వచ్చి పోట్లాడొచ్చుగా?"

"మాట ముద్దగా వస్తోందని అమ్మకి సిగ్గు. మనిషి కనబడితే మొహం తిప్పేసుకుంటుంది. రేడియో దగ్గర సిగ్గేముంది?"

నా ఒక్క నోరు రెండు నోళ్లు మూయించింది.

మూట సంగతి ఆరా తీసి, మర్నాడు తొమ్మిదింటికి రేడియోకి నేనే ఫోన్ చేశాను.

"చెప్పండమ్మా, మీ అభిప్రాయం?" అన్నాడు రేడియో అబ్బాయి.

"నా దగ్గర అభిప్రాయాల్లేవు నాయనా, అబద్ధమే ఉంది. ఆ మూటలో ఉన్నవి ఉల్లిపాయలు. వాళ్ల పడవ ఇటొస్తుంటే ఎక్కాడు, అంతే. మిగతాదంతా నేను కల్పించాను."

దేశమంతా విన్నది. ఇస్మే కూడా వింటోంది కాబట్టి, ఎనియస్ ఎవరి కోసం అలా మాట్లాడతాడో ఆ అసలు సంగతి మింగేశాను. నేను పుట్టి బుద్ధెరిగాక మింగిన మొదటి సంగతి అది. (ఇప్పుడు ఇలా రాయమన్నది ఇస్మేనే.)

ఆ మరునాడే ఎనియస్ గొంతు మోగింది. "రాకెట్లు కూలినా మంచిదే! చేపలకి ఇళ్లు దొరుకుతాయి!"

నేను ఇస్మే కిటికీ కింద నక్కి ఉన్నాను, అలవాటు కొద్దీ. లోపల్నుంచి వినబడింది: "వె... వెధవా! సముద్రం... మనది!"

మూడు మాటలు. నేను లెక్కపెట్టాను. అక్కణ్నుంచి తిన్నగా రేవుకి నడిచాను.

"నిజం చెప్పు ఎనియస్. రాకెట్లు, రాజకీయాలు, ఆ మాట్లాడే యంత్రాలు, వీటి మీద అసలు నీ అభిప్రాయమేంటి?"

ఎనియస్ మాంసం లాగడానికి శంఖానికి బెజ్జం కొడుతున్నవాడు సుత్తి ఆపాడు.

"నాకా అక్కా? నలభై ఏళ్లుగా ఇస్మే ఏదంటే నాదీ అదే. కాకపోతే, ముందు ఆవిడ అనాలి కదా!"