నెమ్మదిగా నడవడం నాకు చేతకాలేదు

మా చెల్లెలిని ఎమ్మిగనూరులో ఇచ్చారు, నన్ను ఆదోనిలో. చిన్నప్పటి నుంచి ఇద్దరిదీ ఒకే ఒళ్లు. నా రవికె దానికి సరిపోయేది, దానిది నాకు. లావైనా ఇద్దరం కలిసే లావయ్యాం. చక్కెర జబ్బు కూడా ఒక ఏడు అటూ ఇటూగా ఇద్దరికీ వచ్చింది. అలాంటిది పోయిన ఎండాకాలం అది మా గడపలో నిలబడితే రవికె భుజాల మీంచి జారుతోంది. డాక్టరు ఒక మాత్ర మానేయమన్నాడట. దానికి కాఫీ కలపడానికి కూడా నాకు చేతులు రాలేదు.

సరిగ్గా ఆ ముందు వారమే మా డాక్టరమ్మ నాతో, మూడు నెలల్లో చక్కెర దిగకపోతే ఇన్సులిన్ సూది తప్పదంది. నాకు చూపు మసక. సూది వేయాల్సింది కోడలే. ఇన్నేళ్లు నా మాట మీద నడిచిన ఇంట్లో పొద్దున్నే కోడలి ముందు పొట్ట చూపించుకుని కూర్చోవాలా? జబ్బు కంటే నాకు అదే భయం.

“ఏం మందు తింటాండావే?” అని అడిగాను.

“మందేం లేదక్కా, నడుస్తాండా. ఒక కరెంటు స్తంభం కాడ్నుంచి ఇంకో స్తంభం దాకా బిరబిరా పోతా. ఆ మీద రెండు స్తంభాలు మెల్లగా. మళ్లీ బిరబిరా.”

“అంటే సగానికి పైన సోమరితనమే కదమ్మే.”

“మెల్లగా నడిచేదీ పనేనక్కా. అది ఇడిస్తే కూలబడతావు.”

సబ్బు ముక్క కూడా అరిగేదాకా వాడే మనిషిని నేను. ఆ రెండు స్తంభాల నడక నాకు ఉత్త దండగగా కనిపించింది. అంతా బిరబిరా నడిచి, మూడు నెలల్లో దానికంటే సన్నబడి, వదులు రవికెతో ఎమ్మిగనూరు బస్సు దిగాలని మనసులో అనుకున్నాను.

పత్తి జిన్నింగు మిల్లు వెనక రోడ్డులో మొదలుపెట్టాను. ఎక్కడా ఆగలేదు. పదో రోజుకు దమ్ము ఆడలేదు, మోకాలు ఉబ్బింది. రెండు వారాలు మంచం దిగలేదు. ఆ రోజుల్లోనే చెల్లెలు ఫోను చేసి, మెట్లు ఎక్కితే ఇప్పుడు ఆయాసమే రావడం లేదని చెప్పింది. ఫోను కోడలి చేతికిచ్చేశాను.

మోకాలు తగ్గాక, చూసిపోదామని వచ్చానని చెప్పి ఎమ్మిగనూరు వెళ్లాను. పొద్దున్నే వీధిలోని ఆడవాళ్లు నలుగురు దాని వెనకే నడుస్తున్నారు. పక్కింటి సాయిబుల కోడలు, “అమ్మా, ఇప్పుడు బిరబిరానా, మెల్లగానా?” అని దాన్ని అడుగుతోంది. నేను నాలుగో తరగతి దాకా చదివాను. అది మూడు కూడా దాటలేదు. దాన్ని అడుగుతున్నారు!

రెండో స్తంభం దగ్గర అది నెమ్మదించింది. నేను దాటిపోయాను.

“యాడికక్కా? బస్సు గానీ పోతాందా?”

అందరూ నవ్వారు. నాలుగో స్తంభం చేరేసరికి దమ్ము ఆడక నేను స్తంభాన్ని పట్టుకుని నిలబడితే, చెల్లెలు నన్ను దాటి బిరబిరా పోయింది. ఆ తర్వాత నోరు మూసుకుని దాని వెనకే నడిచాను. అది నెమ్మదిస్తే నెమ్మదించాను. నాలుగు రోజులు ఉండి, ఆదోనికి వచ్చి అలాగే నడిచాను.

గడువుకు ఆసుపత్రికి వెళితే చక్కెర దిగింది. బరువు మాత్రం కొంచెమే తగ్గింది. స్తంభాల లెక్కన నడుస్తున్న సంగతి చెప్పాను. “సూది ఇప్పుడే వద్దు” అంది డాక్టరమ్మ. “మీ ఒంట్లో ఇన్సులిన్ ఊరుతూనే ఉంది. కొవ్వు పేరుకున్న ఒళ్లు దాన్ని లెక్కచేయడం లేదంతే. వేగంగా నడిస్తే కండ రక్తంలోని చక్కెరను గుంజుకుంటుంది. నెమ్మదిస్తే దమ్ము వచ్చి మళ్లీ వేగంగా పోగలరు. రోజూ చేస్తే ఒళ్లు ఇన్సులిన్ మాట వినడం మొదలుపెడుతుంది. ఇది మీకు ఎవరు చెప్పారు?”

“ఎవరు చెప్తారమ్మా, నాకే తోచింది” అన్నాను.

పక్కనే కూర్చున్న కోడలు నా మొహం వంక చూసింది.