గడప చూసిన బేరం

అమ్మేవాడి ఇల్లు చూడందే గడప అత్తయ్య గుండుసూది కూడా కొనదు. కూరగాయల బండి వెనకాలే నడిచి, బండివాడి గుమ్మంలో నిలబడి, "ఇల్లు బాగుంది, ఇప్పుడు తూచు" అనే రకం. ఒకసారి గొడుగు బేరమాడి, అమ్మేవాడితో పాటు వాళ్లింటికి బయల్దేరింది. దారిలో వాన. గొడుగు చేతిలోనే ఉంది, మనిషి తడిసి ముద్దయింది.

"విప్పచ్చు కదండీ!" అన్నాడు వాడు.

"ఇల్లు చూసేదాకా అది నీ గొడుగు. పరాయి సొమ్ము నేనెందుకు విప్పుతాను?"

గడప లేనివాడి దగ్గర గవ్వ కూడా కొనకూడదన్నది ఆవిడ సిద్ధాంతం. అలాంటి మనిషి దగ్గర మేనకోడలు నోరు విప్పాల్సి వచ్చింది. పసిపిల్లల బడిలో కొత్త ఉద్యోగం. హెడ్మిస్ట్రెస్ సెలవులో ఉండగా, అడక్కుండా, బడి డబ్బుతో ఆన్‌లైన్ షాపులో బుల్లి కుర్చీలు కొనేసింది. కుర్చీలు రాలేదు. అక్కడ ఫోనెత్తే నాథుడు లేడు. సోమవారం హెడ్మిస్ట్రెస్ వస్తుంది, ఉద్యోగం పోతుంది.

"షాపువాడి ఇల్లు చూశావా?" అంది అత్తయ్య.

"వెబ్‌సైటుకి ఇల్లేంటత్తయ్యా!"

"పేరు పెట్టినవాడు ఎక్కడో రాయించే ఉంటాడు. వెతుకు."

మేనకోడలు ఆ సైటు పేరు నమోదైన వివరాలు తీసింది. 'ముప్పై ఏళ్ల నమ్మకం' అని చాటుకునే షాపు పుట్టింది పోయిన నెల. ఫోన్ నంబరు నిండా తొమ్మిదులే. యజమాని పేరుండాల్సిన చోట ఒక చుక్క. చిరునామా మాత్రం ఇదే ఊళ్లో.

"చెప్పులేసుకో," అంది అత్తయ్య.

ఆ చిరునామాలో ఈతకొలను ఉంది. మెడలో ఈలతో ఈత మాస్టారు ఎదురొచ్చాడు.

"కుర్చీలేనా?"

"మీకెలా తెలుసు?"

"పొద్దుట్నుంచీ వచ్చినవాళ్లందరిదీ అదే పాట. ఇక్కడ నీళ్లు తప్ప ఏం దొరకవు తల్లీ!"

మేనకోడలు గట్టు మీద కూలబడింది.

"తర్వాత ఏడుద్దువుగాని," అంది అత్తయ్య. "వాడింకా కొట్టు తెరిచే ఉన్నాడు. ఇంకెంతమంది పడతారో! ముందు రిపోర్టు కొట్టు."

అక్కడే కూర్చుని బ్యాంకుకీ, సైబర్ పోలీసులకీ, ఆ సైటు పేరు అమ్మిన కంపెనీకీ ఫిర్యాదులు పంపారు. నమోదు వివరాలతో పాటు, కొలను ముందు నడుం మీద చేతులేసుకుని నిలబడ్డ అత్తయ్య ఫోటో కూడా జతచేశారు. "డబ్బు ఆపడానికి చూస్తాం, మాట మాత్రం ఇవ్వలేం" అన్నాడు బ్యాంకువాడు.

సోమవారానికి సైటు మూతపడింది. డబ్బు బ్యాంకులో ఆగింది గానీ, చేతికి రాలేదు. హెడ్మిస్ట్రెస్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఊరూ పేరూ లేని షాపులో కొనమని ఎవరు చెప్పారమ్మా నీకు?"

"నేనే," అంటూ గుమ్మంలోంచి అత్తయ్య.

హెడ్మిస్ట్రెస్ ఉలిక్కిపడింది. బడిలో పాత బల్ల అమ్మితే, ముందు తన ఇల్లు చూసి గానీ కొనని మనిషి మరి!

"మీరా? ఇల్లు చూడకుండానే?"

"చూసే చెప్పాను. కళ్లు మసకలు కదా, ఈతకొలను చూసి గోడౌననుకున్నాను."

హెడ్మిస్ట్రెస్ నవ్వు బిగబట్టుకుంది గానీ ఆగలేదు. పొట్ట పట్టుకుని నవ్వింది. "మీరే బోల్తాపడ్డాక ఈ పిల్లదెంత! వెళ్లమ్మా, క్లాసుకి వెళ్లు. ఇకమీదట అడిగి కొను."

సాయంత్రం మేనకోడలు ఉండబట్టలేకపోయింది. "మీకు మసకలేంటత్తయ్యా? సూదిలో దారం నాకు ఎక్కించేదే మీరు. ఊరంతా నవ్వుతుంది."

"నవ్వనీ. నవ్వితే నా గడపేం అరగదు."

అంతలో వీధిలోంచి కూరగాయలవాడు కేకేశాడు. "అమ్మగారూ! ఈతకొలనులో కుర్చీ ఎంతకిచ్చారు?"

అత్తయ్య వాణ్ణి ఎగాదిగా చూసింది. "నీ ఇల్లు మళ్లీ చూడాల్రా. పద."

ఈసారి ఎవరూ చెప్పకుండానే మేనకోడలు చెప్పులేసుకుంది.