బిడ్డకు పరీక్ష

గోదావరిఖనిలో మా ఆదివారం డిగ్రీ క్లాసులకు బొగ్గుబాయి నుంచి ఒకాయన వచ్చేవాడు. ఇంట్లో నాన్నను బాపూ అని, ఆయన్ను కాకా అని పిలిచేదాన్ని. పుస్తకాలు టిఫిన్ సంచిలో దాచి తెచ్చేవాడు. దారిలో ఎవరడిగినా ఒకటే మాట: “బిడ్డను దింపనీకి వచ్చిన.” ఆయనకు ఆడపిల్లలే లేరు. “ఈ వయసుల సదువంటే నవ్వుతరు బిడ్డా,” అనేవాడు నాతో.

చివరి పరీక్ష రోజు గేటు దగ్గర, ఆయన షిఫ్టులోకి కొత్తగా వచ్చిన మనిషి ఎదురయ్యాడు. కాక అదే మాట చెప్పాడు.

“అట్లనా అన్నా! బిడ్డ వచ్చేదాక నేను గూడ కూసుంట,” అని అతను అక్కడే చతికిలబడ్డాడు.

బెల్లు మోగింది. లోపల కాక కూర్చోవాల్సిన బల్ల ఖాళీగానే ఉండిపోయింది.

నేను బయటికొచ్చేసరికి ఇద్దరూ అక్కడే ఉన్నారు. కాక లేచాడు గానీ తలెత్తలేదు.

“మంచిగ రాసినవా బిడ్డా?”

“రాసిన బాపూ,” అన్నాను.